యుద్ధం రేపటికి వాయిదా

ఈ పూటకి మానవజాతి ఇంకా బతికి బట్టకట్టి ఉందంటే అందుకు కారణం దేశాధినేతల వివేకం కాదు, శాస్త్రవేత్తల ముందుచూపు అంతకన్నా కాదు. పాలకొల్లులో త్రిమూర్తులు గారికి యుద్ధం మొదలుపెట్టడానికి మనసొప్పకపోవడమే. మనుషులకీ యంత్రాలకీ మధ్య జరగబోయే ఆఖరి మహాసంగ్రామం గురించి ఆయన ఏళ్ల తరబడి ఒక నవల రాస్తున్నారు. అందులో సేనలు ఎప్పుడో మోహరించాయి. శంఖం ఊదేవాడి మూతి దాకా వచ్చింది. వాడు బుగ్గలు పూరించేలోపు త్రిమూర్తులు గారు కలానికి మూత పెట్టేస్తారు. ప్రతి అధ్యాయం చివరా ఒకటే వాక్యం: "యుద్ధం రేపటికి వాయిదా పడింది."

ఈ సంగతి లోకంలో అందరికన్నా బాగా తెలిసిన మనిషి పావని. బస్టాండు దగ్గర ఆమెకి జిరాక్సు, డీటీపీ షాపు ఉంది. త్రిమూర్తులు గారి చేతిరాత మర్నాటికి ఆయనకే అర్థం కాదు కాబట్టి, రాసిన వేడి మీద ఆయనే వచ్చి, కుర్చీ లాక్కుని పైకి చదువుతారు. పావని టైపు చేస్తుంది. ఆ ఆఖరి వాక్యం కొట్టి కొట్టి విసిగిపోయి, కీబోర్డు మీద ఎఫ్-తొమ్మిది నొక్కితే అది మొత్తం దానంతటదే పడేట్టు ఏర్పాటు చేసుకుంది. మానవజాతి భవిష్యత్తు ఆ విధంగా ఒక మీట కిందకి చేరింది.

యంత్రాల మీద ఆయన పగబట్టడానికి కారణం లేకపోలేదు. ఒక పంచదార ఫ్యాక్టరీలో, చెరకు పాకం ఎప్పుడు గింజకడుతుందో చూసి చెప్పడం ఆయన ఉద్యోగం. ఒకనాడు అక్కడికి కంప్యూటర్ వచ్చింది. అది కూడా చూసి చెప్పడం మొదలుపెట్టింది. ఆయన చెప్పడానికి ఏమీ మిగల్లేదు. శాలువా కప్పి, నిమ్మకాయంత లడ్డు ఒకటి చేతిలో పెట్టి సాగనంపారు. ఇంటికొచ్చి శాలువా దండెం మీద వేసి, మూడో అధ్యాయానికల్లా యంత్రజాతిని వేళ్లతో సహా పెకలిస్తానని శపథం పట్టి, నవల మొదలుపెట్టారు.

మూడో అధ్యాయంలో యంత్రాల దూత వచ్చాడు. వచ్చినవాడు వేళ చూసుకుని వచ్చాడా? సరిగ్గా భోజనాల వేళకి వచ్చాడు.

"ఇప్పుడు వీణ్ణి నరికెయ్యాలి కదండీ బాబాయ్ గారూ?" అంది పావని ఉత్సాహంగా. అప్పట్లో ఆమె కొత్త.

త్రిమూర్తులు గారు చెంపలేసుకున్నారు. "విస్తరి ముందుకొచ్చినవాణ్ణి నరుకుతారంటమ్మా? ఏ ఊళ్లోనన్నా ఉందా?"

"వాడు మరమనిషండీ. అన్నం తినడు."

"తినకపోతే మాత్రం? కూర్చోమనరా? కాళ్లకి నీళ్లివ్వరా?"

నీళ్లిస్తే తుప్పు పడుతుందని ఆలోచించి, మానవ సేనాధిపతి భార్య గానుగాడించిన కొబ్బరినూనె తెచ్చి దూత కీళ్లకి పట్టించింది. దూత తయారైన నాటినుంచీ అంత సుఖం ఎరగడు. కిర్రుమనకుండా నడుచుకుంటూ వెళ్లి తన రాజు మహామేధకి ఆ సంగతి మనవి చేసుకున్నాడు. మహామేధ రెప్పపాటులో కోట్ల లెక్కలు వెయ్యగలవాడు. కొబ్బరినూనె రాసిన ఇంటి మీద ఆ పూటే బాంబు వెయ్యడం ఎలాగన్న లెక్క మాత్రం ఎంత వేసినా తేలలేదు. యుద్ధం రేపటికి వాయిదా పడింది.

ఆ తరవాత వేసవి వచ్చి కాలువలకి నీళ్లు కట్టేశారు. మహామేధ బుర్ర చల్లబడేది కాలవనీళ్లతోనే. శత్రువు వేడెక్కి, కూడిక కూడా తప్పు చెబుతుంటే చూడలేక, మానవసేన ధవళేశ్వరం ఆనకట్టకి వెళ్లి నీళ్లు వదలమని అర్జీ పెట్టుకుంది. నీళ్లు వదిలేసరికి తొలకరి. సైనికులందరూ ఊడ్పులకి సెలవడిగారు. అవతల మరమనుషులు ఖాళీగా నిలబడి ఏం చేస్తాయి? అవీ చేలోకి దిగాయి.

"ఒక్క వరస వంకర పోలేదమ్మా ఊడ్పు!" అన్నారు త్రిమూర్తులు గారు, శత్రువు పనితనానికి మురిసిపోతూ.

"అయితే ఇంక వీళ్లెందుకు కొట్టుకుంటారండీ?"

"అదే నాకూ అంతుపట్టట్లేదమ్మా," అన్నారాయన దిగులుగా.

ఇంట్లో భార్య వీరవేణి గారికి ఈ నవల మీద ఒకటే అభిప్రాయం. "దోమని చంపలేరమ్మా ఈయన. సాయంత్రమైతే ఆ బ్యాటు నేనే తిప్పాలి. ఈయన యంత్రాల్ని చంపుతారా?"

ఇంత మర్యాదస్థుల నవలలో నిజంగా ప్రమాదంలో ఉన్నవాడు ఒక్కడే. లోవరాజు అనే బోటు డ్రైవరు. మహామేధ ప్రాణం నడిసముద్రంలో, నీటి అడుగున పరిచిన ఒక తీగలో ఉంది. దాన్ని తెంపితే యంత్రజాతి ఎక్కడిదక్కడ కూలబడుతుంది. తెంపినవాడు మాత్రం తిరిగి రాడు. ఆ తీగ వెతుక్కుంటూ లోవరాజు ఒంటరిగా సముద్రం మీదికి వెళ్లాడు. వెళ్లినవాడు వెళుతూనే ఉన్నాడు.

ఇతని విషయంలో రచయితకీ పావనికీ మధ్య యుద్ధం మాత్రం ఒక్కరోజు కూడా వాయిదా పడలేదు.

"లోవరాజు లేచాడు," అని చదివేవారు త్రిమూర్తులు గారు. "లోవరాజు మొహం కడుక్కున్నాడు. లోవరాజు చుట్ట వెలిగించాడు. 'లోవరాజూ, గాలి మారుతోందిరా' అని లోవరాజు తనలో తాను అనుకున్నాడు..."

పావని కీబోర్డు మీంచి చేతులు తీసేసేది. "బాబాయ్ గారండీ, బోటులో ఉన్నది ఒక్కడే. అన్నిసార్లు పేరెందుకండీ? వాడెవరో వాడే మర్చిపోతాడనా?"

"ఉంచమ్మా."

"చదివేవాళ్లకి చిరాకండీ."

"చదివేవాళ్లు ఇప్పుడెవరున్నారమ్మా? వచ్చాక వాళ్లనే అడుగుదాం. కొట్టు. లోవరాజు..."

ఆ పేరు దగ్గరకొచ్చేసరికి ఆయన గొంతు హెచ్చేది. షాపు దాటి, మెట్లు దాటి వినపడేది. పాపం, చెవుడు మొదలైనట్టుంది అనుకునేది పావని.

ఆ మెట్ల మీద ఆ వేళకి నూకరత్నం కూర్చుని ఉండేది. నరసాపురం అవతల సముద్రపొడ్డున ఆమె ఊరు. పొద్దున్నే చేపల గంపతో ఆటోలో దిగి, వీధులు తిరిగి అమ్ముకుని, తిరుగు ఆటో కోసం ఖాళీ గంప బోర్లించి అక్కడే నీడన చతికిలపడేది. తిరుగు ఆటోలు వస్తూనే ఉండేవి, పోతూనే ఉండేవి. అధ్యాయం పూర్తయ్యేదాకా ఆమెకి ఏ ఆటో నచ్చేది కాదు.

"ఏంటండి బాబుగోరూ, ఆ బోటాయన ఏం జేత్తన్నాడియ్యాల?"

"లోవరాజా? లోవరాజు వల బాగుచేసుకుంటున్నాడమ్మా."

"తిన్నాడా అండి?"

"లోవరాజు చద్దన్నం తిన్నాడు."

"ఉల్లిపాయ కొరుక్కున్నాడా?"

త్రిమూర్తులు గారు పావని వైపు తిరిగి, "ఉల్లిపాయ కూడా కొట్టమ్మా," అనేవారు.

మహామేధ సైన్యమెంత, ఆయుధాలేమిటి అని నూకరత్నం ఎన్నడూ అడగలేదు. ఆమె లెక్కలో అది మానవజాతి భవిష్యత్తు గురించిన నవల కాదు, ఒక మనిషి వేళకి తింటున్నాడా లేదా అన్న నవల. ఆ మనిషి పేరు కూడా ఆమె నోట వచ్చేది కాదు. 'బోటాయన' అనేది, 'ఆయన' అనేది. ఇన్నిసార్లు విని కూడా పేరు గుర్తుండదేమిటా అని పావనికి విడ్డూరంగా ఉండేది.

నూకరత్నం మొగుడు సముద్రం మీదికి వెళ్లి తిరిగి రాలేదన్న సంగతి మాత్రం ఆమె దగ్గర చేపలు కొనే ప్రతి ఇంటికీ తెలుసు. తుఫానుకి ముందు, "పులుసు పెట్టి ఉంచు, రేపొస్తా" అని వెళ్లాడట. బోటూ దొరకలేదు, మనిషీ దొరకలేదు. జరిపించాల్సింది జరిపించేద్దామని అత్తింటివాళ్లంటే ఆమె ఒప్పుకోలేదు. రూపాయిబిళ్లంత బొట్టు పెట్టుకుని గంపెత్తుకునేది. ఎవరైనా జాలిపడబోతే నవ్వేది.

"దొరకలేదంటే పోయినట్టేనా అండి? నా చెవి దుద్దు దొరక్క ఎన్నేళ్లయిందీ! పోయిందా? ఇంట్లోనే ఏ మంచం కిందో ఉంటాది."

త్రిమూర్తులు గారికీ ఒక దిగులు ఉంది. అది రాజమండ్రి స్టేషన్లో ఉంది. కాగితం రీములు కొనడానికి వెళ్లిన పావని, ఆయనతో కలిసి తిరుగు రైలుకి ఎదురుచూస్తున్నప్పుడు దాన్ని కళ్లారా చూసింది. ప్లాట్‌ఫారం మీద పుస్తకాల స్టాలు ముందు ఆయన ఆగిపోయారు. రెండు నవలల మధ్య రెండు వేళ్లు దూర్చి సందు చేశారు. తల వంచి ఆ సందులోకి చూశారు.

"ఏం కావాలండి?" అన్నాడు స్టాలతను.

"ఏం వద్దండి. చోటు చూస్తున్నా," అని, పావనితో మెల్లిగా అన్నారు, "పడుతుందమ్మా మనది. ఇవి కాస్త జరిగి కూర్చుంటే పడుతుంది."

పెళ్లిలో పంక్తి నిండిపోతే, రెండో పంక్తి కోసం గోడవారన నిలబడ్డ పెద్దమనిషి మొహంలా ఉంది ఆయన మొహం. ఆకలుంది, అడగడానికి మర్యాద అడ్డం వస్తోంది.

ఆ మొహం పావనిని రైల్లో కుదురుగా కూర్చోనివ్వలేదు. ఆయనకి చెప్పకుండా, టైపు చేసినదంతా రాజమండ్రిలో అబ్రహాము గారనే ప్రచురణకర్తకి పంపేసింది. ఆయన ఫోను చేశారు.

"బావుందమ్మా. తెగ నవ్వుకున్నాను. కానీ యుద్ధం నవలలో యుద్ధం ఏదమ్మా? ఆ బోటు మనిషి చేత తీగ తెంపించండి. వాడు చచ్చిపోవాలి. చదివినవాడు కళ్లు తుడుచుకోవాలి. నెలాఖరుకి ఆ ఒక్క అధ్యాయం పంపితే వేసేస్తాను. లేకపోతే నా వల్ల కాదు."

ఈ కబురు విన్నప్పుడు త్రిమూర్తులు గారి మొహం మొదటి సగానికి వెలిగింది, రెండో సగానికి ఆరింది.

"చచ్చిపోవాలన్నారా?"

"ఒక్క పేజీయే కదండీ బాబాయ్ గారూ."

"ఒక్క పేజీయేననుకో..."

ఆ నెలంతా లోవరాజు చావడానికి తప్ప అన్నిటికీ సిద్ధపడ్డాడు. లోవరాజు వల ఆరేశాడు. లోవరాజు తెరచాపకి మాసిక వేశాడు. తీగ కనుచూపుమేరలోకి వచ్చిన రోజున లోవరాజుకి జలుబు చేసింది. పడిశంతో నీళ్లలోకి దూకకూడదని త్రిమూర్తులు గారు పట్టుబట్టారు.

నెలాఖరు దగ్గరపడింది. పావనికి ఓపిక తీరిపోయింది. ఆమె కంప్యూటర్లో, అడిగింది అడిగినట్టు రాసిపెట్టే కృత్రిమ మేధ ఒకటి ఉంది. పెళ్లి కార్డులకి పద్యాలు, చలివేంద్రం బ్యానర్లకి నినాదాలు దాని చేతే రాయిస్తుంది. నవలంతా దానికి చూపించి, ఆఖరి అధ్యాయం రాయమంది. టీ గ్లాసు ఎత్తి దించేలోపు రాసేసింది. త్రిమూర్తులు గారు వచ్చి కూర్చోగానే, ఆయన్ని ఆశ్చర్యపరుద్దామని తనే గొంతెత్తి చదివింది.

"'లోవరాజు ఆఖరిసారి ఒడ్డు వైపు చూశాడు. తీగను తెంపాడు. మరుక్షణం సముద్రం అతణ్ణి తనలోకి తీసుకుంది. లోవరాజు ఇక లేడు. మానవజాతి గెలిచింది.' ఎలా ఉందండీ?"

త్రిమూర్తులు గారు లేచి నిలబడ్డారు. ఇన్నేళ్ల నవలలో ఎక్కడా రాని కోపం ఆయనకి అప్పుడొచ్చింది. వచ్చినా, మర్యాద తప్పలేదు. కంప్యూటర్‌తో నేరుగా మాట్లాడారు.

"ఏవండీ, మీకసలు ఆ అబ్బాయెవరో తెలుసాండీ? తెలుసుకోకుండా అంత మాట ఎలా రాశారండీ?"

నవ్వాలో వద్దో తెలియక, పావని ఆ మాటలే టైపు చేసింది. జవాబు వచ్చింది. పైకి చదివింది. "'క్షమించండి. ఆ పాత్ర మీకు అంత ఆత్మీయమని గ్రహించలేకపోయాను. మీరు కోరితే లోవరాజును బతికిస్తాను.'"

త్రిమూర్తులు గారు చప్పున మెత్తబడిపోయారు. "చూశావా, ఎంత మంచివాడో! అచ్చం మన మహామేధే. చెప్పేవాళ్లు లేక గానీ..."

గుమ్మం దగ్గర అలికిడైంది. ఇన్నేళ్లుగా మెట్లు దాటి లోపలికి రాని నూకరత్నం లోపలికొచ్చింది. చేతులు చీరకి తుడుచుకుని తెర ముందు నిలబడింది.

"అడిగితే బతికిత్తాదా అండి ఇది?"

పావని కుర్చీ ఆమె వైపు తిప్పింది. "కథలో అక్కా. కథలో లోవరాజుని."

"నేనూ ఆయన్నే అడుగుతున్నానమ్మా," అంది నూకరత్నం.

ఫ్యాను గాలికి జిరాక్సు కాగితాలు రెపరెపలాడాయి. త్రిమూర్తులు గారు చూరు వంక చూస్తూ నిలబడ్డారు. పావనికి అప్పుడు తెలిసింది.

"మాలో మొగుడి పేరు పెళ్లాం పలకదమ్మా. పలికితే ఆయనకి ఆయుష్షు తగ్గుద్దంటారు," అంది నూకరత్నం. "ఇదివరకు మా అత్త పిలిచేది, రేవుకాడ అందరూ పిలిచేవోళ్లు, చెవినిండా ఇంటా ఉండేదాన్ని. ఇప్పుడు నేనేడుత్తానని ఎవళ్లూ నా ముందు ఆ పేరెత్తరు. నేనా, పలకలేను. ఓ నాడు చందువా చేపలు కొంటా బాబుగోరు అడిగారు, మీ ఆయన పేరు నా కథలో ఎట్టనా అని. ఎట్టండన్నాను. ఈ మెట్ల మీద కూకుంటే, లోపల ఎవరో ఆయన్ని పిలుత్తున్నట్టుంటాది."

ఆ పేరు తగ్గించమని తను పెట్టిన పోరంతా పావనికి గుర్తొచ్చింది. చెవుడనుకున్న సంగతి కూడా గుర్తొచ్చి తల దించుకుంది.

నూకరత్నం త్రిమూర్తులు గారి వైపు తిరిగింది. "మీరు యుద్ధం ఎందుకెట్టట్లేదో నాకు తెలవదనుకున్నారా? నా మూలంగా మీ పుత్తకం ఆగిపోకూడదు. ఎట్టెయ్యండి."

"నీకెందుకమ్మా ఆ గొడవ? ముహూర్తాలు కుదరట్లేదు, అంతే," అన్నారు త్రిమూర్తులు గారు. అబద్ధమాడడంలోనూ ఆయనకి ప్రవేశం తక్కువ.

"ఎట్టండి. కాకపోతే ఒకటి. ఎల్లేముందు ఆయన్ని ఒక్కపూట ఇంటికంపండి. పులుసెట్టి ఉంచమని ఎల్లాడు. తినేసి ఎల్తాడు. తరవాత మీ ఇట్టం."

చరిత్రలో ఎన్నో సంధులు జరిగాయి. ఇంత న్యాయమైన షరతు ఏ చక్రవర్తీ పెట్టి ఉండడు.

మర్నాడు త్రిమూర్తులు గారు తెచ్చినది నవల మొత్తంలోకీ పెద్ద అధ్యాయం. లోవరాజు ఇంటికి భోజనానికి వెళ్లాలనుకుంటున్నాడని మహామేధకి తెలిసింది. సముద్రం అడుగున పరిచిన తన తీగలన్నిటిలోనూ దీపాలు వెలిగించి ఒడ్డు దాకా దారి చూపించాడు. లోవరాజు బోటు ఇసకలోకి లాగాడు. లోవరాజు గుమ్మం ముందు కాళ్లు కడుక్కున్నాడు. లోవరాజు పీట వాల్చుకున్నాడు.

"ముక్క ఏదెట్టారండి?" అంది నూకరత్నం. ఆ రోజు మెట్ల మీద కాదు, లోపల స్టూలు మీదే కూర్చుంది.

"చందువా."

"తలకాయ ఆయనకే ఎయ్యండి. ఇట్టం."

"'లోవరాజుకి తల వేసింది' అని కొట్టమ్మా."

"పులుసు నిన్నటిదై ఉండాలండి. నిలవుంటేనే రుచి."

"నిన్నటిదేంటమ్మా, పెట్టి ఏళ్లయింది కదా," అన్నారు త్రిమూర్తులు గారు జంకుతూ.

నూకరత్నం ఒక్క క్షణం ఆలోచించింది. "అయితే మరీ మంచిదండి."

లోవరాజు మారు అడిగాడు. లోవరాజు వేళ్లు నాక్కున్నాడు. చెయ్యి కడుక్కుని, చాప మీద అలా వాలి, కునుకు తీశాడు. ఒడ్డున శంఖం ఊదేవాడు శంఖం దించేశాడు. అవతల మరమనుషులు కీళ్లు చప్పుడు కాకుండా ఎక్కడివక్కడ కూర్చున్నాయి. త్రిమూర్తులు గారు చదవడం ఆపారు. పావని ఆయన్నేమీ అడగలేదు. ఎఫ్-తొమ్మిది నొక్కింది.

పంపిన మర్నాడు రాజమండ్రి నుంచి ఫోను వచ్చింది. జిరాక్సు పొడి అంటుకున్న చేతులతో పావని స్పీకర్లో పెట్టింది.

"ఏవమ్మా, నేనేం అడిగాను, మీరేం పంపారు?" అబ్రహాము గారి గొంతు షాపంతా మోగింది. "చావు అడిగితే భోజనం పెడతారేంటండీ?"

"తప్పేనండి," అన్నారు త్రిమూర్తులు గారు, రెండు వేళ్లు దగ్గరగా చేర్చుకుంటూ. స్టేషన్లో చూసిన ఆ సందు మూసుకుపోతున్నట్టు.

"తప్పున్నరండీ! యుద్ధం లేని యుద్ధం నవల ఎవడు కొంటాడు? ఇది వేస్తానో వెయ్యనో నేనేం మాటివ్వలేను." ఆయన గొంతు కొంచెం దగ్గరికొచ్చింది. "మా ఇంట్లో పైకి చదివానండి. మా ఆవిడ గరిటె పట్టుకుని వచ్చి అలాగే నిలబడిపోయింది. పొద్దుణ్ణుంచి అదే అడుగుతోంది... ఇంతకీ లోవరాజు నిద్ర లేచాడా అండి?"

 గోదావరి అవతల, మొహం కూడా తెలియని పెద్దమనిషి ఎవరో పేరు పెట్టి పిలిచి మరీ ఆ మనిషి క్షేమం అడిగాడు. త్రిమూర్తులు గారు నూకరత్నం వైపు చూశారు. జవాబు చెప్పాల్సింది ఆవిడేనన్నట్టు.

నూకరత్నం పమిట చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. "ఇంకా లేదని చెప్పండి బాబుగోరూ. బాగా అలిసిపోయి వచ్చాడు."

"ఇంకా లేవలేదటండి," అన్నారు త్రిమూర్తులు గారు ఫోనులోకి.

"సరే సరే, లేపకండి," అన్నారు అబ్రహాము గారు గొంతు బాగా తగ్గించి. "లేచాకే మాట్లాడుకుందాం."

బయట నరసాపురం ఆటో హారను కొట్టింది. నూకరత్నం గబగబా గంపెత్తుకుని మెట్లు దిగింది.

"ఏంటి నూకరత్నం, ఇయ్యాల మొదటి ఆటోకే ఎక్కేత్తన్నావ్?" అన్నాడు డ్రైవరు.

"ఇంటికాడ మడిసి పడుకున్నాడు," అంది నూకరత్నం, గంప ఒళ్లో సర్దుకుంటూ. "లేచేలోగా ఎల్లి పొయ్యెలిగించాలి. పోనియ్యి."